పిడికిలి పట్టే బండి

నా చిన్నప్పుడు పడుకునే ముందు ప్రార్థనలో అందరి క్షేమం కోరుకున్నాక, చివర్లో అమ్మకి వినపడకుండా ఒక మాట కలిపేదాన్ని. ఆ ఎర్రబండి వాడు బురదలో పడాలి ప్రభువా, పడినప్పుడు నేను దగ్గరుండి చూడాలి, అని. మాకు తప్పు చేసినవాళ్ళని మేము క్షమిస్తున్నట్టే, అనే చోటు వచ్చేసరికి పెదవులు మాత్రం కదిపి మాట మింగేసేదాన్ని. అప్పటికి నాకు పదేళ్ళు. అంత పగ పదేళ్ళ పిల్లకి ఎక్కడిదని ఇప్పుడు మా మనవరాలు నవ్వుతుంది. పగకి వయసుతో పనేముంది?

మేము అప్పట్లో బందరు కాలవ పక్కన ఒక ఊళ్ళో ఉండేవాళ్ళం. మా నాన్న పశువుల డాక్టరు. ఆ చుట్టుపక్కల ఏ ఊళ్ళో గేదె ఈనలేకపోయినా, ఏ ఎద్దు మేత మానేసినా నాన్న సైకిలు మీద వెళ్ళేవారు. ఆ ఊరికి పెద్ద ఆసామి బియ్యం మిల్లు యజమాని. ఆయన కొడుక్కి ఎర్రటి మోటారు సైకిలు ఉండేది. ఊరి మొదట్లో అది కూసిందంటే ఊరి చివర కోళ్ళు కూడా దారి ఇచ్చేవి.

ఆ ఏడు ఈస్టరు పండక్కి చర్చిలో నాకు మొదటిసారి సత్ప్రసాదం ఇస్తారు. మా అమ్మ తన పెళ్ళినాటి తెల్ల పట్టుచీర పెట్టెలోంచి తీసి, ఒక్క నిమిషం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, కత్తెర వేసింది. నాకు గౌను కుట్టింది. కింద చుట్టూ తన చేత్తో అల్లిన లేసు వేసింది. ముందురోజు సాయంత్రం కురిసిన వానకి గుడి దగ్గర గుంటలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. నాన్న సైకిలు నడిపించుకుంటూ, నేను గౌను రెండు చేతులా ఎత్తి పట్టుకుని వెళ్తుంటే ఎర్రబండి వచ్చింది. దారి ఎంత వెడల్పున్నా అతను గుంటలోంచే పోనిచ్చాడు. నడుం దగ్గర్నుంచి కింది దాకా నల్లబురద. అతను వెనక్కి తిరిగి నవ్వాడు.

"తెల్ల గౌనుకి నల్ల అంచు వేశాను పాపా, బాగుంది!" అని అరిచి వెళ్ళిపోయాడు.

పక్క వీధి అక్క గౌను తెప్పించి వేసి నన్ను గుళ్ళో నిలబెట్టారు. అది నాకు చేతుల దగ్గర వదులు, మెడ దగ్గర ఇరుకు. సత్ప్రసాదం నాలిక మీద పెట్టినప్పుడు కూడా నా మనసు ఆ గుంట దగ్గరే ఉంది. అమ్మ ఆ గౌనుకి సబ్బు పెట్టింది, నిమ్మకాయ రుద్దింది, నీలిమందు పెట్టింది. పైన మరకలు కాస్త వెలిశాయి గానీ నల్లరేగడి కింది అంచుని వదల్లేదు. చివరికి జానెడు కత్తిరించేసింది. ఆ రోజు అమ్మ అన్నం తినలేదు.

నాకు అసలు మండింది నాన్న మీద. అంతా చూసి కూడా ఆయన అన్నది ఒక్కటే మాట, "చూద్దాంలే." మా ఇంట్లో చూద్దాం అంటే లేదని అర్థం. సర్కస్‌కి వెళ్దామా అంటే చూద్దాం, కొత్త చెప్పులంటే చూద్దాం. మా నాన్న పిరికివాడని ఆ రోజే తేల్చేసుకున్నాను.

ఎండాకాలంలో ఆయనకి ఇంకొన్ని ఊళ్ళు అప్పజెప్పారు. సైకిలు చాలదు, మోటారు సైకిలు కొనాలన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎర్రబండే కొనాలి, ఆ మిల్లు అబ్బాయిని కాలవ గట్టు మీద దాటిపోవాలి, దాటేటప్పుడు నేను వెనక్కి తిరిగి నవ్వాలి. అంతా మనసులో సిద్ధం చేసుకుని నాన్నతో పాటు బెజవాడ బయల్దేరాను.

ఆటోనగర్‌లో నాన్నకి చదువుకునే రోజుల నుంచి తెలిసిన, బండ్లు బాగుచేసే మేస్త్రి ఒకాయన ఉండేవారు. చేతులు, బనీను, చెవుల వెనక కూడా నూనె మరకలే. కొట్లోకి వెళ్ళేముందు నా దగ్గరికి రండి, రెండు రకాలూ నడిపి చూడండి, అని కబురు చేశారు. ఆయన షెడ్డులో సర్వీసుకి వచ్చిన బండ్లు రెండు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఒకటి అచ్చం మా శత్రువుదిలాంటి ఎర్రబండి. రెండోది నల్లది, బండగా ఉంది. దానికి రెండు పక్కలా క్యాన్లు తగిలించుకుని పాలవాళ్ళు తిరిగేవారు కాబట్టి జనం దాన్ని పాలబండి అనేవారు.

ముందు నాన్న పాలబండి మీద నన్ను ఎక్కించుకుని ఒక చుట్టు తిరిగారు. పోస్టాఫీసుకి వెళ్ళొచ్చినట్టుంది. తర్వాత ఎర్రబండి. ఇప్పటి బెంజ్ సర్కిల్ దాకా తారు రోడ్డు ఖాళీగా ఉండేది. బండి ఒక్కసారి ముందుకి దూకింది. గాలికి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మలుపు దగ్గర బండి పక్కకి వాలి మళ్ళీ లేచినప్పుడు నాన్న పైకే నవ్వారు. గొంతు విప్పి ఆయన అలా నవ్వడం నేనెప్పుడూ వినలేదు. వెనక నుంచి ఆయన చొక్కా పట్టుకుని, ఇక ఇదే, ఇదే, అనుకున్నాను.

షెడ్డుకి వచ్చాక మేస్త్రి నన్ను పిలిచారు. "పాపా, పిడికిలి బిగించు. ఈ చక్రానికీ పైన రేకుకీ మధ్యన పెట్టు."

ఎర్రబండి ముందు చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య నా పిడికిలి వేళ్ళ కణుపుల దగ్గరే ఆగిపోయింది. పాలబండికి పెడితే మణికట్టు దాకా వెళ్ళింది, ఇంకా చోటు మిగిలింది.

"పిల్ల పిడికిలే పట్టకపోతే మీ నల్లమట్టి ఎక్కడ పట్టిద్దండీ?" అన్నారాయన నాన్నతో. "వాన పడితే మట్టి చక్రానికి చుట్టుకుంటా పోయి ఆ సందులో బిగుసుకుపోయిద్ది. ఇక బండి కదలదు. దీన్ని నేను తిట్టనండీ, తారు రోడ్డు మీద దీనికి సాటి లేదు. మీ మనసుకి ఇది. మీ దారికి అది."

నాన్న ఎర్రబండి ట్యాంకు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డారు. తర్వాత ఒకటే అడిగారు. మా ఊరి మిల్లు వాళ్ళబ్బాయి బండికి కూడా సందు ఇంతేనా, అని. మేస్త్రి నవ్వి, ఇంత కూడా లేదండీ, సోకుగా ఉంటదని ఇక్కడే మడ్‌గార్డు ఇంకా కిందికి దింపించుకున్నాడు, వద్దన్నా వినలా, అన్నారు. నాన్న చెయ్యి ట్యాంకు మీంచి తీసేసి, పాలబండే కొంటానన్నారు. ఆయన పెదవుల మీద చిన్న నవ్వు ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. దారిపొడుగునా ఏడ్చాను.

పాలబండి ఊళ్ళోకి వచ్చిన రోజు మిల్లు అబ్బాయి టీ కొట్టు దగ్గర ఉన్నాడు. "డాక్టరు గారూ, రేపట్నుంచి మాకో లీటరు పోయించండి!" అన్నాడు. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వి, "చూద్దాం" అన్నారు. నేను తలొంచుకున్నాను. ఆ వానాకాలమంతా అతను మా ఊరి కంకర రోడ్డు దాటి గట్టు మీదికి రానేలేదు. నేను ప్రార్థన మానలేదు.

మాఘమాసంలో కాలం కాని కాలంలో రెండు రోజులు ముసురు పట్టింది. ఆదివారం గుడి అయ్యాక నాన్న పక్క ఊళ్ళో ఒక గేదెని చూడ్డానికి వెళ్తుంటే నేనూ ఎక్కాను. తిరిగి వచ్చేటప్పుడు కాలవ గట్టు మీద నల్లమట్టి అరిసెల పాకంలా సాగుతోంది. మా చక్రంతో పాటు పైకి లేచిన మట్టి ఆ ఖాళీలోంచి తిరిగి వచ్చి నేల మీదే పడుతోంది. నాన్న రెండు కాళ్ళూ ఆనిస్తూ మెల్లగా నడుపుతున్నారు. గట్టు మలుపు తిరగ్గానే ఎర్రబండి కనపడింది.

దారి మధ్యలో నిలబడిపోయి ఉంది. మిల్లు అబ్బాయి మోకాళ్ళ మీద కూర్చుని పుల్లతో మట్టి పొడుస్తున్నాడు. చక్రం ఎటూ తిరగడం లేదు. మమ్మల్ని చూసి పరుగెత్తుకొచ్చాడు.

"మీకోసమే బయల్దేరానండీ! మా గిత్త తాడు తెంపుకుని తడి పిల్లిపెసర చేలో పడి మేసిందండీ. కడుపు ఉబ్బిపోయింది. చచ్చిపోయేట్టుందండీ."

పందేల్లో బండ లాగి గెలిచిన గిత్త అది. ఊరంతా దాన్ని చూసి గర్వపడేది. నాన్న ఒక కాలు నేల మీద ఆనించి, తల తిప్పకుండా, "వెనక సీటు మా అమ్మాయిదండీ. ఆవిణ్ణి అడగండి," అన్నారు.

అతను నావైపు తిరిగి, కాస్త ముందుకి జరుగుతావా అమ్మా, అన్నాడు. నా గౌను గుర్తుందా, అని అడిగాను. "ఏం గౌనమ్మా?" అన్నాడు. బుకాయింపు కాదు, అతనికి నిజంగా గుర్తులేదు. ఏడాది పాటు నేను రోజూ మోసినదాన్ని అతను ఆ మలుపు తిరిగేలోపే మర్చిపోయాడు. నా కోపం రెండింతలైంది.

"నడిచి రండి," అన్నాను.

నాన్న గేరు వేశారు. నేను వెనక్కి తిరిగి చూశాను. తెల్ల ప్యాంటు మోకాళ్ళ దాకా నల్లగా, బురదలో కాళ్ళు పీక్కుంటూ వస్తున్నాడు. నేను నవ్వాను. దాచుకోవడం దేనికి, అంత తృప్తి నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ తృప్తి మిల్లు వాకిలి దాకానే ఉంది. గిత్త ఎడమ డొక్క వెన్ను కంటే పైకి లేచి ఉంది. నాలుక బయటపెట్టి మూలుగుతూ, దగ్గరికొచ్చిన పాలేళ్ళని ఎగిరి తంతోంది. దూడప్పట్నుంచి ఆ అబ్బాయి చేతి మేత తిన్నది, ఇంకొకళ్ళని చేరనివ్వదట. అతని తల్లి గుండెలు బాదుకుంటూ, "మావాడేడండీ? వాడొస్తేగాని ఇది నిలబడదండీ!" అంది.

నాన్న నావైపు చూశారు. తన గొట్టపు సూది ఉన్న రేకు పెట్టె నా చేతిలో పెట్టి, తడవనీకు, అని బండి తిప్పుకుని వెళ్ళారు. నేను ఆ పెట్టె కౌగిలించుకుని గిత్త ఊపిరి వింటూ నిలబడ్డాను. ఒక్కో ఊపిరికీ అది ఆగిపోయిందేమో అనిపించేది. అతను బురదలో పడాలని ఏడాదిగా వేడుకున్నదాన్ని, ఇప్పుడు ఎక్కడా పడకుండా రావాలని వేడుకున్నాను. దేవుడికి నా మీద విసుగు పుట్టే ఉంటుంది.

పాలబండి చప్పుడు వినపడింది. అదే గట్టు, అదే బురద, మళ్ళీ వెళ్ళి మళ్ళీ వచ్చింది. ఊరందరి ముందూ మిల్లు అబ్బాయి దాని వెనక సీటు మీద, మా నాన్న నడుం పట్టుకుని దిగాడు. పరుగెత్తి ముకుతాడు పట్టుకుని గిత్త మెడకి తల ఆనించి ఏదో చెప్పాడు. అది నిలబడింది. నాన్న ఎడమ డొక్కలో సూది దించారు. బుస్సుమని గాలి వచ్చింది, వాకిలంతా పులిసిన కంపు. మెల్లగా డొక్క దిగింది. గిత్త ఒకసారి తుమ్మి, తల విదిల్చింది.

ఆ అబ్బాయి బురద చేతులతోనే కళ్ళు తుడుచుకుంటున్నాడు. నాన్న బండి పక్కనున్న సామాన్ల పెట్టె తెరిచి, మడత పెట్టిన గుడ్డ ఒకటి తెచ్చి ఇచ్చారు. తుడుచుకోండి, అన్నారు. అతను ముఖం తుడుచుకున్నాడు, చేతులు తుడుచుకున్నాడు. అప్పుడు దాని అంచు చూశాడు.

"అయ్యో, లేసు గుడ్డండీ ఇది. పాడు చేశాను."

"పర్లేదండీ," అన్నారు నాన్న, గొంతు ఏమాత్రం పెంచకుండా. "మా అమ్మాయి గౌను అంచు. పోయిన ఈస్టరుకి మీరు వేసిందే."

నేను అతని ముఖమే చూస్తున్నాను. ముందు ఏమీ లేదు. తర్వాత ఆ గుంట, ఆ ఉదయం, ఒక్కొక్కటిగా అతని కళ్ళల్లోకి రావడం కనపడింది. నావైపు తిరిగాడు. "నవ్వాను కూడా," అన్నాడు. తల్లి ముందు, పాలేళ్ళ ముందు తలొంచుకుని నిలబడ్డాడు. గుడ్డ ఉతికించి పంపిస్తానన్నాడు. వద్దండీ, మాకు కావాలి, అని నాన్న చెయ్యి చాపి తీసుకున్నారు.

ఇంటికి వెళ్తూ నాన్న, "చూద్దాం అన్నానా? చూశావుగా," అన్నారు. ఆయన చూద్దాం అంటే ‘లేదు’ అని కాదని అప్పుడు తెలిసింది. ఎర్రబండి మీద నాకెంత మనసో నీకు తెలుసు, అతని బండి ఆగిన చోట మనది ఆగకూడదని ఇది కొన్నాను, అన్నారు. "అతన్ని నడిపించావు, బానే ఉంది. గిత్తేం చేసిందమ్మా నిన్ను?" అన్నారు. ఆయన వీపుకి ముఖం ఆనించి కూర్చున్నాను.

మొన్న మా మనవరాలు బండి కొనుక్కుంటానంటే వెంట వెళ్ళాను. అమ్మేవాళ్ళు వేగం గురించి చెబుతుంటే నేను వంగి చక్రం పైన పిడికిలి పెట్టి చూశాను. అది నవ్వింది. నేను కోపాన్ని కూడా అలాగే చూసుకుంటాను. ఎవరి మీదైనా కసి పుట్టినప్పుడు, మాకిద్దరికీ మధ్య ఏ పాపమూ ఎరగని గిత్త ఏదైనా ఉందా అని ఒకసారి చూస్తాను. ఉంటే ఆగుతాను. లేకపోతే, చూద్దాం, అనుకుంటాను. ఆ లేసు అంచు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. మరక పోలేదు. అమ్మ పోయాక నేను దాన్ని మళ్ళీ ఉతకలేదు.