మాస్టర్ చేతిలో నేను చూసిన కట్టర్

సూరత్‌లో, ఖటోదరాలోని పవర్‌లూమ్ కార్ఖానాలో చేరిన తొలి నెలలోనే నేనొక గుడ్డ తాను పాడుచేశాను. పడుగులో రెండు పోగులు తప్పి గుడ్డ పొడవునా గీత పడింది. మగ్గాల పని చూసే మా మాస్టర్‌ది సిరిసిల్ల వైపు, మా భాషే. ఆ గుడ్డను నా మెడకు చుట్టి మగ్గాల మధ్య తిప్పాడు.

"సూడుండ్రి, సూరత్‌కు గొప్ప నేతగాడు దిగిండు!" అన్నాడు.

నవ్వినవాళ్లలో నా బామ్మర్ది కూడా ఉన్నాడు. మాస్టర్ అంతు చూడాలని ఆ రోజే అనుకున్నాను.

పోగులు కత్తిరించే చిన్న కట్టర్ మాస్టర్ చేతిలో ఎప్పుడూ ఆడుతుండేది. ఎవరినైనా తిట్టాలంటే దాన్నే చూపించి తిట్టేవాడు.

నాలుగేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం అన్నాలు తిని వచ్చేసరికి, మూల మగ్గం మీద పడుగు గుత్తులుగా తెగిపోయి ఉంది. కార్ఖానా యజమాని సేఠ్ మమ్మల్నందరినీ నిలబెట్టి, అటువైపు ఎవరినైనా చూశారా అని హిందీలో అడిగాడు. నేను చూశాను. మాస్టర్ ఆ మగ్గం దగ్గర్నుంచే వచ్చాడని, చేతిలో కట్టర్ ఉందని చెప్పాను. అబద్ధం ఆడలేదు. కళ్లు మూసుకుంటే కట్టర్ మెరుపుతో సహా కనిపించేది. సెలవుల విషయంలో సేఠ్‌కు అప్పటికే మాస్టర్ మీద కోపం. మరో మాట అడగలేదు. సాయంత్రానికి పని మానిపించాడు. ఆయన తలవంచుకుని గేటు దాటుతుంటే కడుపు నిండినట్టయింది.

పది రోజులకు బామ్మర్ది తన ఫోన్లో ఒక వీడియో చూపించాడు. ఆ మధ్యాహ్నమే పాటకు ఎగురుతూ తీయించుకున్నది. వెనకాల, మూల మగ్గం వైపు నుంచి మాస్టర్ వస్తున్నాడు. చేతిలో స్టీలు గ్లాసు ఉంది. రెండో చేయి ఖాళీ.

"ఏంది బావా, గన్నిసార్లు సూస్తున్నవ్?" అన్నాడు బామ్మర్ది.

ఆ వారమే మగ్గాల కింద ఎలుకల గూడు బయటపడింది. గంజి పెట్టిన పోగుల్ని అవే కొరికాయి. కట్టర్ లేని మాస్టర్‌ను నేను ఎరగను. గ్లాసు ఉన్నచోట నా బుర్రే కట్టర్ పెట్టింది. చెడ్డవాడని ముందే తీర్మానించుకున్న మనిషి కదా, ఇంకో అనుమానమే రాలేదు.

వీడియో నా ఫోన్లోకి పంపించుకుని ఆదివారం సూరత్‌లోనే ఉన్న భేస్తాన్‌లో మాస్టర్ గదికి వెళ్లాను. నిజం చెప్పి సేఠ్ దగ్గరకు తీసుకెళ్దామనే వెళ్లాను.

"రా తమ్మీ, కూసో," అని చాయ్ పోశాడు.

నోట్లోంచి వేరే మాట వచ్చింది. "మాస్టర్, అప్పట్ల నా మెడకు గుడ్డ సుట్టి తిప్పినవ్. యాదికున్నదా?"

ఆయన నవ్వాడు. "నీకా? నీకు కాదు, గది ఇంకెవనికో. నువ్వు షురూ నుంచే మంచి పనోనివి గద!"

ఆయనకు తెలిసిన నేను పని వచ్చినవాణ్ని. గుడ్డ పాడుచేసిన కొత్తవాడు ఆయన తలలో ఇక లేడు. నాలుగేళ్లు నేను మోసిన అవమానాన్ని ఆయన ఇంకెవరికో ఇచ్చేశాడు. ఒళ్లు మండింది.

"ఏం పని మీద వచ్చినవ్?" అన్నాడు.

"ఊకెనే. ఇటు వచ్చి, జర కలిసి పోదామని."

చాయ్ తాగి లేచాను. బస్సెక్కగానే వీడియో చెరిపేశాను. మాస్టర్ ఇప్పుడు ఎక్కడో మామూలు మగ్గం నడుపుతున్నాడట. చెప్పినవాడి ముందు అయ్యో అన్నాను. లోపల మాత్రం ఆ మనిషి ఇంకా మాఫీ అడగలేదనే ఉంది.