సర్వీసులో కలవని ఏళ్లు

నాన్న పోయేనాటికి అక్క ఇంటర్ పరీక్షలు రాసి ఉంది. నేను ఆరో తరగతి. నర్సింహులపేట దగ్గర మాకున్న మెట్టచేను అమ్మనీ మమ్మల్నీ సాకేంత పండేది కాదు. డిగ్రీ చదవాలని ఎంతో ఆశపడ్డ అక్క, ఆ ఆశ పక్కన పెట్టి టీచర్ ట్రైనింగులో చేరింది. అది ముగిసిన కొద్ది రోజులకే పాలకుర్తి దగ్గరి పల్లెలో ఉద్యోగం వచ్చింది. పెళ్లయి జనగామలో కాపురం పెట్టినా నా చదువు మాత్రం వదల్లేదు.

ఇంటర్ అయ్యాక నాకూ అదే ట్రైనింగులో సీటొచ్చింది. అక్క పోనివ్వలేదు.

"నేనెట్లనో గాడ్నే ఆగిపోయిన. నువ్వు ఆగొద్దు చెల్లె. పెద్ద చదువు చదువు."

డిగ్రీ, ఎం.ఏ., బీఎడ్ చదివాను. భూపాలపల్లిలో హైస్కూల్ టీచరుగా చేరేసరికి సర్కారు నిబంధన మారిపోయింది. కొత్తగా చేరినవాళ్లకు పాత పింఛను లేదన్నారు. నెలనెలా జీతంలో కొంత కోసి మార్కెట్లో పెడతారట, చివర్లో ఎంత చేతికొస్తుందో ఎవరూ చెప్పలేరట. చేరిన కొత్తలో నేనదేమీ పట్టించుకోలేదు. మా బడిలో నాతోపాటు చేరిన లెక్కల సారు జ్వరంతో చనిపోయాక గానీ దాని అర్థం తెలియలేదు. ఆయన భార్య చంటిపిల్లను ఎత్తుకుని ఆఫీసు చుట్టూ తిరిగి, నెలకింత అని ఏమీ రాదని తెలుసుకుని, పుట్టింటికి వెళ్లిపోయింది.

తెలంగాణ కోసం ఉద్యోగులమంతా సమ్మె చేసిన రోజుల్లో బడులు మూతపడ్డాయి. బస్సులు లేక జీపులు, ఆటోలు మారుతూ జనగామ చేరుకున్నాను. అక్కతోపాటు దీక్షా శిబిరంలో కూర్చున్నాను. ట్రెజరీలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన అక్కడ టీచర్లకు పింఛను సంగతులు చెబుతున్నాడు. అక్క లేచి అడిగింది.

"సార్, మా చెల్లె ఎం.ఏ., బీఎడ్ చేసింది. గా చదివిన ఏండ్లు సర్వీసుల కలువయా?"

"కలువయమ్మా. చేరిన తారీకే లెక్క. నీ తీర్గ ట్రైనింగ్ చేసి అప్పుడే చేరుంటె పాత పింఛను వచ్చేది."

అక్క నన్ను తీసుకుని శిబిరం నుంచి బయటికొచ్చింది. ఇంటికి నడిచి వస్తుంటే దారి మధ్యలో ఆగిపోయింది.

"వచ్చిన సీటు నేనే వద్దంటి గదనే. నీ ముసలితనానికి ఆసరా నేనే తీసేసిన."

"గట్లనకు అక్కా. నువ్వు చదివించకపోతె నేను గిట్ల ఉందునా?"

అన్నాను గానీ, లెక్కల సారు భార్య ముఖమే నా కళ్ల ముందుంది. అక్క నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నాకంటే ఎక్కువగా ఆమెకే అన్యాయం జరిగినట్టనిపించింది.

ఆ తర్వాతి ఏడాది అక్క కూతురు ఇంటర్ పాసైంది. నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు ఫిజిక్సులో పీజీ దాకా చదువుతానంది. అక్క భయపడిపోయింది.

"ఏం వద్దు. ట్రైనింగ్ చేసి జల్ది నౌకరీల చేరు. చిన్నమ్మకు ఏమైందో చూడలే?"

పిల్ల ఊరుకోలేదు.

"అమ్మా, గిప్పుడు ఎప్పుడు చేరినా గా పింఛను లేదు గద. మరి జల్ది చేరితె నాకేం ఒస్తది?"

అక్క నావైపు చూసింది. పిల్ల అన్నది నిజమే. చదువు మానుకున్నందుకు అక్కకు దక్కిన పాత పింఛను కూడా ఆ పిల్లకు దక్కదు.

"చదువుకోనియ్యి అక్కా" అన్నాను.

ఆ వారంలోనే ముగ్గురం హనుమకొండ వెళ్లి పిల్లను డిగ్రీలో చేర్పించాం. రాష్ట్రం వచ్చింది, పాత పింఛను మాత్రం రాలేదు. నా జీతంలో ఇప్పటికీ నెలనెలా కోత పడుతూనే ఉంది. కొత్తగా చేరిన టీచర్లు ఎవరైనా పింఛను గురించి అడిగితే, ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఎక్కువ చదివి ఆలస్యంగా చేరానని నాకు బాధ లేదు. అక్కకు మాత్రం ఆ సంగతి ఎత్తితే ఇప్పటికీ కళ్లలో నీళ్లు తిరుగుతాయి.