కాన్సస్ మీదుగా

షికాగో దగ్గరి నేపర్‌విల్ వదిలి అరిజోనాకి మారిన ఆ వసంతంలో మా సామాను ఒక దారిన, మావారూ పిల్లలూ ఇంకో దారిన, నేను వేరే దారిన వెళ్లాం. సామాను ట్రక్కులో వెళ్లింది. వాళ్లు విమానంలో వెళ్లారు. నేను మా వీధి చివరింటి డాక్టరాంటీని పక్కన కూర్చోబెట్టుకుని, ఆవిడ కారు నడుపుకుంటూ వెళ్లాను.

డాక్టరాంటీ అన్నది మా పిల్లలు పెట్టిన పిలుపు. వాళ్లని చూసి నాకూ అదే అలవాటైంది. ఆవిడది కృష్ణా జిల్లా. నేను పుట్టకముందే అమెరికా వచ్చారు. షికాగో చుట్టుపక్కల ఆస్పత్రుల్లో చాలాకాలం పనిచేసి రిటైరయ్యారు. భర్త పోయాక ఆ పెద్ద ఇంట్లో ఒక్కరే ఉంటుంటే, అరిజోనాలో, చాండ్లర్‌లో ఉన్న కొడుకు చలికాలం వచ్చినప్పుడల్లా తన దగ్గరికి వచ్చెయ్యమని ఫోన్లో పోరు పెట్టేవాడు. మంచు మీద జారిపడితే ఎవరు చూస్తారని అతని భయం. చివరికి ఆవిడ సరేనన్నారు. సరిగ్గా అప్పుడే మావారి ఆఫీసు కూడా మమ్మల్ని అటువైపే పంపుతోందని తేలింది.

ఆ సంగతి తెలిసిన సాయంత్రం ఆవిడ మా తలుపు తట్టారు.

“ఏమ్మాయ్, నాకు విమానం వద్దు. కారు ఎటూ అక్కడికి చేరాలి కదా. నువ్వు డ్రైవ్ చెయ్యి, నేను పక్కన కూర్చుని కబుర్లు చెబుతాను” అన్నారు.

మావారు నవ్వారు. “పోరాదూ, నీకు డ్రైవింగ్ ఇష్టమే గదా. పిల్లల్ని నేను చూసుకుంట.”

నాకు ఊళ్లు మారడం కొత్త కాదు. పెళ్లయి వచ్చినప్పుడు ప్లెయిన్స్‌బరోలో దిగాను. మా అపార్ట్‌మెంట్ కిటికీలోంచి చూస్తే ఎదుటి కిటికీలో ఇంకెవరో మనవాళ్లే తాలింపు పెడుతూ కనిపించేవాళ్లు. మావారి ప్రాజెక్టు మారి నేపర్‌విల్ వచ్చాం. ఇప్పుడు చాండ్లర్. నాకూ ఉద్యోగముంది కాని అది లాప్‌టాప్‌లో ఉంటుంది. ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు. అందుకేనేమో, నీకెక్కడుండాలనుంది అని నన్నెవరూ అడగలేదు. అడగలేదన్న సంగతి అప్పటికి నాకూ తోచలేదు.

బయల్దేరిన ఉదయం సన్నగా వాన పడుతోంది. వెనక సీట్లో ఆవిడ కుట్టుమిషను ఉంది. ట్రక్కువాళ్లు విసిరేస్తారని దాన్ని తనతోనే ఉంచుకుని, పసిపిల్లకి పెట్టినట్టు సీటు బెల్టు పెట్టారు. ఇంటికి తాళం వేశాక వెనక్కి తిరిగి చూస్తారేమో, కళ్లనీళ్లు పెట్టుకుంటారేమో అని నేను ఇంజను స్టార్ట్ చేసి కాసేపు ఆగాను. ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటూ, “ఎవరికోసం ఆగావు? పద” అన్నారు.

మిసిసిపీ వంతెన మీదికి వచ్చేసరికి వాన వెలిసింది. కింద నీళ్లు ఎటు పారుతున్నాయో తెలియనంత నిదానంగా ఉన్నాయి. అయోవాలోకి దిగాక గమనించాను, ఆ దారి నిండా ఇళ్లు మారేవాళ్లే. అద్దె ట్రక్కులు, వాటి వెనక తగిలించుకుని లాక్కెళ్తున్న కార్లు, టాపు మీద కుర్చీలు కట్టుకున్న వ్యాన్లు. డాక్టరాంటీకి అదో ఆట అయిపోయింది. నంబరు ప్లేటు చూసి ఏ రాష్ట్రమో చదవడం, ఎందుకు మారుతున్నారో ఊహించడం.

“అదిగో, మిషిగన్ వాళ్లు. పరుపు మీద పట్టా కూడా కప్పలేదు. కొత్తగా పెళ్లయినవాళ్లు.”

“ఎట్ల తెలిసింది ఆంటీ?”

“పాత కాపురమైతే పరుపుని అంత ధైర్యంగా వానకి వదలరు.”

తర్వాత పెట్రోలు పోయించుకునే చోట ఆ మిషిగన్ ట్రక్కే మా పక్కన ఆగింది. అందులోంచి నెరిసిన జుట్టు భార్యాభర్తలిద్దరు మోకాళ్లు పట్టుకుంటూ దిగారు. టెక్సాస్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తున్నామని చెప్పారు. పరుపు తడిసిందని భార్య, ఎండ తగిలితే అదే ఆరుతుందని భర్త వాదించుకుంటున్నారు. కారెక్కాక డాక్టరాంటీ కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వారు. ఆ నవ్వు ఆగాక కళ్లు తుడుచుకున్నారు. తర్వాత అన్నారు, “చూశావా, దేశమంతా ఎవరో పళ్లెం వంచినట్టు దక్షిణానికి జారిపోతోంది. నేనూ ఒక మెతుకుని.”

ఆ రాత్రికి కాన్సస్ సిటీలో ఆగి, పొద్దున్నే మళ్లీ బయల్దేరాం. విచిటా దాటాక పెద్ద హైవే వదిలి నైరుతికి వెళ్లే చిన్న దారి పట్టాం. ఆ దారి ఆవిడ అడిగిందే. నాకు కారణం చెప్పలేదు, నేనూ అడగలేదు. దారికి రెండువైపులా గోధుమ చేలు, మోకాలెత్తు పచ్చదనం. గాలికి అవి ఒకసారి వెండిలా, ఒకసారి పచ్చగా మారుతున్నాయి. చెట్టు లేదు, గుట్ట లేదు. ఎంత దూరం నడిపినా ముందున్న ఆకాశం అంతే దూరంలో ఉంది. కారు కదలడం లేదనీ, కింద నేలే వెనక్కి జరుగుతోందనీ అనిపించడం మొదలైంది. రేడియోలో ఎవరో పాడుతూ పాడుతూ గరగరలో కలిసిపోయారు. నేను దాన్ని కట్టేశాను.

అప్పుడు ఆవిడ నెమ్మదిగా చెప్పారు. “నేనిక్కడ రెండేళ్లున్నానమ్మాయ్.”

“ఇక్కడనా? ఎప్పుడు?”

“మావాడు పుట్టకముందు. చదువైపోయింది. ఉద్యోగమిస్తామన్నది ఇక్కడి చిన్న ఆస్పత్రి ఒక్కటే. ఇంత దూరం ఎవరూ వచ్చేవాళ్లు కాదు. అంకుల్ షికాగోలో చదువుకుంటున్నారు, వదిలి రాలేరు. నేనొక్కదాన్నే వచ్చాను.”

“భయం కాలేదా?”

“అయింది. మొదటి నెల రోజూ ఏడ్చాను. తర్వాత ఎప్పుడు మానేశానో గుర్తులేదు.” వేలితో చూపించారు. “అదిగో, ఆ తెల్లటి స్తంభాలున్నచోట కుడికి తిప్పు.”

అవి ధాన్యం నిలవచేసే సిమెంటు గొట్టాలు. దూరం నుంచి చూస్తే ఏదో కోటలా ఉన్నాయి. వాటి కింద ఊరుంది. ఒకటే పెద్దవీధి, సగం కొట్ల అద్దాల వెనక ఖాళీ. ఆస్పత్రి ఉన్నచోట ఇప్పుడు చిన్న క్లినిక్ ఉంది, దానికీ ఆ రోజు తలుపు వేసి ఉంది. తెరిచి ఉన్న ఒక్క కాఫీ హోటల్లో కూర్చున్నాం. వడ్డించిన ఆవిడ, ఇక్కడ చుట్టాలెవరైనా ఉన్నారా అని అడిగింది. డాక్టరాంటీ లేరని చెప్పి, ఒకప్పుడు ఇక్కడ డాక్టరుగా పనిచేశానన్నారు. ఆ వడ్డించే ఆవిడ, నేను ఈ ఊరు వచ్చి నాలుగేళ్లే అయిందండీ, పాతవాళ్లు చాలామంది పోయారు, మిగతావాళ్లు పిల్లల దగ్గరికి వెళ్లిపోయారు అని చెప్పింది. నాకు మనసు చివుక్కుమంది. ఇంత దూరం వస్తే ఒక్కరైనా గుర్తుపట్టలేదే అనుకున్నాను. డాక్టరాంటీ మాత్రం తీరిగ్గా ప్లేట్లోని ఆపిల్ పై ముక్క తింటున్నారు.

తర్వాత ఆవిడ అప్పట్లో అద్దెకున్న ఇల్లు వెతికాం. ఊరి చివర, చేల అంచున, చెక్క ఇల్లు. పెయింటు లేచిపోయింది, అద్దెకిస్తామన్న బోర్డు గాలికి కొట్టుకుంటోంది. పక్కింటి ముందు ఒకాయన గడ్డి కోసే మిషను బాగుచేసుకుంటున్నాడు. తాళంచెవి ఆయన దగ్గరే ఉందట, చూస్తారా అని అడిగాడు. ఆయనా పాతవాడు కాదు. కాలిఫోర్నియాలో ఇల్లు అమ్ముకుని వచ్చాడు. ఇంత దూరం ఎందుకొచ్చారని నేనడిగితే, చేత్తో ఆకాశం చూపించి మళ్లీ పనిలో పడ్డాడు.

లోపల ఏమీ లేదు. చెక్క నేల, గోడల మీద ఎవరివో పటాలు తీసేసిన గుర్తులు. డాక్టరాంటీ నేరుగా వంటింట్లోకి వెళ్లి సింకు ముందు నిలబడ్డారు. అక్కడి కిటికీలోంచి చేలు తప్ప ఇంకేమీ కనబడదు.

“ఇక్కడ నిలబడి అన్నం తినేదాన్ని” అన్నారు. “గిన్నెలోంచే. కంచం కూడా పెట్టుకునేదాన్ని కాదు. ఎవరో వస్తారని లేదు, ఎవరికో వడ్డించాలని లేదు. ఒక్కోరోజు ఆస్పత్రి నుంచి వచ్చి ఏమీ వండకుండా ఇక్కడే నిలబడి చూస్తూ ఉండిపోయేదాన్ని.”

ముందుగదిలో నేల మీద ఎండ పలకలా పడి ఉంది. ఆవిడ అందులో కూర్చుని, గోడకి చేరబడి, కాళ్లు చాపుకున్నారు. నేనూ పక్కన కూర్చున్నాను. గాలి ఇంటి చుట్టూ తిరుగుతోంది. కిటికీ చట్రాలు సన్నగా ఈల వేస్తున్నాయి. చూస్తుండగానే ఆవిడకి కునుకు పట్టింది. నేను లేపలేదు. ఆ ఎండలో దుమ్ము ఎంత నెమ్మదిగా తేలుతోందంటే, చూస్తున్నకొద్దీ నేనెక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నానో కాసేపు జ్ఞాపకం రాలేదు. నాకోసం చాండ్లర్‌లో ఎవరో ఎదురుచూస్తున్నారన్నది ఇంకెవరి సంగతో అన్నట్టుంది.

ఫోన్ మోగితే ఆవిడ ఉలిక్కిపడి లేచి స్పీకర్ నొక్కారు. కొడుకు. ఈ దేశంలోనే పుట్టి పెరిగినవాడు, అతని తెలుగు అంతంత మాత్రమే.

“అమ్మా, నువ్వు ఎక్కడ ఉంది? లొకేషన్ మూవ్ అవ్వట్లేదు. కార్ ఓకేనా?”

“కారు బాగానే ఉంది. కాన్సస్‌లో ఉన్నాన్రా.”

“స్టిల్ కాన్సస్? అక్కడ ఏం ఉంది?”

ఆవిడ ఒక్క క్షణం నేల వైపు చూసుకున్నారు. “ఎండ ఉంది నాన్నా” అన్నారు.

మళ్లీ కారెక్కాక, గుర్తుపట్టేవాళ్లు లేకపోయారే ఆంటీ అని నేనే అన్నాను. ఆవిడ సీటు వెనక్కి వాల్చుకుంటూ, “అవును. ఎంత హాయిగా ఉందో” అన్నారు. న్యూ మెక్సికో అంతా ఆవిడ నిద్రపోయారు. ఎర్రటి కొండలు, పొడుగాటి గూడ్సు రైళ్లు, అన్నీ నేనొక్కదాన్నే చూశాను.

చాండ్లర్‌లో ఇద్దరం మంచి ఇళ్లలోనే దిగాం. వాళ్లింటికీ మా ఇంటికీ కారులో కాస్త దూరం. ఆవిడ కోడలు నెమ్మదస్తురాలు. కింద గది ఇచ్చారు, పూజకి అల్మరా కట్టించారు, ప్రతి వారం ఎవరో ఒకరింటికి భోజనానికి తీసుకెళ్లేవారు. జూన్ వచ్చేసరికి బయట కాలు పెట్టలేనంత ఎండలు. ఒకసారి చూడటానికి వెళ్తే కర్టెన్లు మూసిన గదిలో ఏసీ కింద శాలువా కప్పుకుని కూర్చున్నారు.

“ఎట్ల ఉన్నరు ఆంటీ?”

“అందరూ చాలా బాగా చూసుకుంటున్నారమ్మాయ్” అన్నారు. ఆగి, గొంతు తగ్గించి, “నన్ను చూసుకోవడమే వాళ్లకి పనైపోయింది. నాకే ఏ పనీ లేదు” అన్నారు.

ఆగస్టులో ఆవిడ కొడుకు మా ఇంటికి వచ్చాడు. సోఫా అంచున కూర్చున్నాడు, కాఫీ ముట్టుకోలేదు. అమ్మ కాన్సస్‌లోని ఆ పాత ఇల్లే అద్దెకి తీసుకుంటానంటోందని చెప్పాడు.

“మీరు చెప్పండి. షీ లిసెన్స్ టు యూ. ఎవరైనా అరిజోనా నుంచి కాన్సస్ వెళ్తుందా? అందరూ ఇటు వస్తుంది కదా.”

నేను ఆవిడతో మాట్లాడతానన్నాను. మాట్లాడాను కూడా. ఆస్పత్రికి గంట ప్రయాణం ఆంటీ, అవసరమొస్తే ఎట్ల అని అడిగాను. ఆవిడ కోపం తెచ్చుకోలేదు.

“తెలుసు. అప్పుడు ఆ గంట ప్రయాణం చేసి పేషెంట్ల దగ్గరికి వెళ్లింది నేనే.” శాలువా అంచు సవరించుకున్నారు. “మా నాన్న పంపితే గుంటూరు వెళ్లాను చదువుకి. అంకుల్ కోసం షికాగో. మావాడి స్కూలు కోసం నేపర్‌విల్. వాడి భయం కోసం ఇక్కడికి. ఎవరి మీదా నాకు ఫిర్యాదు లేదమ్మాయ్. ఒక్క ఆ ఊరికే, నాకోసం నేను వెళ్లాను. ఇంకొక్కసారి వెళ్లాలనుంది, అంతే.”

ఇంటికి వెళ్తూ ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడు నా ఊళ్లు నేను లెక్కపెట్టుకున్నాను. వెనకవాళ్లు హారన్ కొడితే గాని లైటు మారిందని తెలియలేదు.

ఎండలు తగ్గాక కొడుకే ఆవిడని కారులో తీసుకెళ్లి దింపాడు. రెండు రోజులుండి వచ్చేద్దామని వెళ్లినవాడు వారం ఉండిపోయాడు. మెట్లు బాగుచేశాడు, కిటికీలకి రబ్బరు వేశాడు, బాత్రూంలో పట్టుకునే కడ్డీలు బిగించాడు. కాలిఫోర్నియా ఆయన పనిముట్లు ఇచ్చాడట. తిరిగి వచ్చాక నాతో ఫోన్లో ఒక్కటే చెప్పాడు. “అమ్మ అక్కడ ఫాస్ట్‌గా నడుస్తుంది. నేను క్యాచప్ అవ్వలేదు.” ఆ గొంతులో అలక ఉంది. దానితోపాటు ఇంకేదో కూడా ఉంది.

అది జరిగి రెండు చలికాలాలు దాటాయి. మధ్యలో ఒకసారి నిమ్ము చేసి ఆస్పత్రిలో పడ్డారు, కొడుకు పరుగెత్తుకెళ్లి పది రోజులుండి వచ్చాడు. అయినా ఆవిడ అక్కడే ఉన్నారు. ఆదివారాలు నాకు ఫోన్ చేస్తారు. క్లినిక్‌కి వారానికోసారి వెళ్లి, వచ్చినవాళ్లతో కూర్చుని మాట్లాడతారట. అది ఉద్యోగం కాదు, ఊరికే. కాలిఫోర్నియా ఆయన ఈ మధ్య ఆరెగాన్‌లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ ఇల్లు కొంతకాలం ఖాళీగా ఉంది.

పోయిన ఆదివారం నేను పెరట్లో కూర్చుని ఆవిడతో మాట్లాడుతున్నాను. ఉన్నట్టుండి, “ఉండు ఉండు, పక్కింటికి ఎవరో వచ్చారు” అన్నారు. హ్యూస్టన్ వాళ్లట, వరదలకి విసిగిపోయి వస్తున్నామని ముందే చెప్పారట. ట్రక్కు వెనక తలుపు ఎత్తిన చప్పుడు నాకూ వినిపించింది.

“పాపం, పొయ్యి వెలిగించుకోవడానికి ఎంతసేపు పడుతుందో ఏమో. పులిహోర కలిపి ఉంది. ఇచ్చి వస్తా.”

ఫోన్ కట్టేయడం మరిచిపోయి, ఎక్కడో అరుగు మీద పెట్టేసి వెళ్లినట్టున్నారు. ఆవిడ చెప్పుల చప్పుడు దూరమైంది. గలగలా ఇంగ్లీషులో ఎవరినో పలకరించారు, ఎవరో నవ్వారు. తర్వాత మాటలు వినబడలేదు. చేల మీదుగా వచ్చే గాలి ఒక్కటే, ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా. నాకు లోపల పనులున్నాయి. అయినా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, ఆవిడ తిరిగి వచ్చేదాకా అలా వింటూ కూర్చున్నాను.