నల్లా దగ్గర నేర్చిన హిందీ

ముప్పై నాలుగేళ్ల వయసులో నేర్చుకున్న హిందీ నాది. సిరిసిల్లలో పని దొరక్క మా ఆయనతో భివండి పోయినప్పుడు, అక్కడి నల్లా దగ్గర బిందెల వరుసలో నిలబడి నేర్చుకున్నాను. నేను తగువుకు దిగితే ఎంతటివాళ్లైనా నోరు మూసుకునేవాళ్లు. తిరిగొచ్చాక మా తమ్ముడు వాడకట్టంతా చాటేవాడు: "మా అక్క హిందీల మాట్లాడితె భివండోళ్లే ఎనకకు పోతరు!" నాకూ ఆ గర్వం ఉండేది, కాదనను.

అవి నక్సలైట్ల రోజులు. నన్ను కోరుట్లలో అత్తగారింట్లో దింపడానికి తమ్ముడు వెంట వచ్చాడు. జగిత్యాల దాటాక బయటి రాష్ట్రం పోలీసులు బస్సు ఆపి, వయసు మగవాళ్లను దిగమన్నారు. తమ్ముణ్ని ఏదో గద్దించి అడిగారు. వాడికి హిందీ ఒక్క ముక్క రాదు.

"అక్కా, జెర చెప్పు వాళ్లకు, నేను మరమగ్గాలు నడుపుతనని" అన్నాడు.

గబగబా దిగాను. వాళ్లు అడిగిందంతా నాకు అర్థమైంది. అదే ఇప్పటికీ అంతుపట్టదు. 'వీడు నా తమ్ముడు, మగ్గం పని చేస్తాడు, వదిలేయండి' అని మనసులో తెలుగులో అనుకున్నాను. హిందీలోకి తిప్పబోతే మొదటి మాటే దొరకలేదు. తమ్ముణ్ని ఏమంటారు? భివండిలో రోజూ వాడిన మాటే కదా! తుపాకీ చూస్తూ నోరు తెరిస్తే ఒక్కటే బయటికొచ్చింది, అదీ ఎంత గట్టిగా:

"హటో! పహెలే మేరా నంబర్ హై!"

తప్పుకో, ముందు నా వంతు. బిందె పట్టుకుని వెయ్యిసార్లు అరిచిన మాట. ఓరి దేవుడా, పోలీసుతోనా! అతని మొహం బిగుసుకుంది. తమ్ముణ్ని జీపెక్కించారు. నేను వెంట పరుగెత్తాను, తెలుగులోనే ఏడ్చాను.

ఆ సాయంత్రం అత్తగారింట్లో పొయ్యి ముందు కూర్చుంటే మాటలు వాటంతటవే వచ్చాయి. మేరా ఛోటా భాయి హై సాబ్, ఛోడ్ దో. ఒక్క తప్పు లేదు. ఇంతసేపూ ఎక్కడ చచ్చాయి? ఈ తల నాదేనా అనిపించింది. గోడకేసి కొట్టుకోవాలన్నంత కోపమొచ్చింది.

మూడో రోజు వాణ్ని వదిలారు. ఎడమ చెవి వినపడటం లేదు. కుడి చెవి నా వైపు తిప్పి అడిగాడు:

"అక్కా, వాళ్లను ఏమన్నవే? మస్తు గట్టిగ మాట్లాడినవ్ గద."

"నీ గురించే చెప్పిన్రా" అన్నాను.

వాడు నమ్మాడు.