స్వరూప సీసా మీద లేవని బెలూన్

మా చిన్నప్పుడు... తొర్రూరు బడిలో ఎనిమిదో తరగతి, చలికాలం పొద్దు. బల్ల మీద వరసగా గాజు సీసాలు, వాటి మూతులకు తొడిగిన బెలూన్లు... ఎవరి బెలూన్ ముందు లేస్తుందా అని తరగతంతా మెడలు చాచి చూస్తోంది.

నోటితో ఊదకుండా బెలూన్ ఉబ్బించాలి... అదీ మా సైన్స్ సారు పెట్టిన పోటీ. గోరువెచ్చని నీళ్లు, రెండు చెంచాల చక్కెర, బేకరీ నుంచి తెచ్చిన ఈస్ట్ ఒక చెంచా. "పొడి లెక్క కనబడ్తది గని దానికి పానం ఉన్నది. చక్కెర తింటది, గాలి ఇడుస్తది, ఆ గాలికే బెలూన్ లేస్తది. నీళ్లు సల్లగుంటె పండుకుంటది... మరిగినయి పోస్తె సస్తది" అని సారు ముందే చెప్పారు. గెలిచిన ఒక్కరినే హనుమకొండలో సైన్స్ ఫెయిర్‌కు పంపుతారు.

నా పక్కన కూర్చునేది స్వరూప. వాళ్ల నాయన తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. లొట్టిలో కల్లు నురగలు కక్కడం ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్న పిల్ల... దానికి ఈ పాఠం కొత్తేం కాదు. నీళ్ల చుక్క మణికట్టు మీద వేసుకుని, "సురుక్కుమనొద్దు, సల్లగ అనిపియ్యొద్దు... గప్పుడే మంచిగున్నట్టు" అనేది. పోటీకి ముందురోజు అందరం ఒకసారి చేసి చూసుకున్నాం. దాని బెలూన్ కొబ్బరికాయంత లేచింది. నాది వాడిన వంకాయలా వేలాడింది.

ఆ సాయంత్రం ఇంటికి పోతూ చెప్పింది... "ఫెయిర్‌కు పోతె తొమ్మిదికి పంపుత అన్నడే మా నాయన. లేకుంటె అమ్మతోని పత్తి ఏరబోవుడే." ఎవరికీ చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకుంది. అంటే, నాకు తెలుసు. తెలియక చేశానని ఎవరూ నన్ను వెనకేసుకు రావద్దు.

ఇంటికెళ్తే మా అమ్మ... "తాళ్లెక్కేటోని బిడ్డ కంటె ఎనుకబడ్డవా? థూ!" అంది. సిగ్గు వేయలేదు నాకు. స్వరూప మీద ఒళ్లు మండింది.

మర్నాడు నా సీసాలో నీళ్లు కలిపిపెట్టింది కూడా స్వరూపే. "నీకు తెల్వది గని, ఇటియ్యి" అని లాక్కుని, చుక్క తన మణికట్టు మీద వేసుకుని చూసి మరీ కలిపింది. తర్వాత తనది కలుపుకుంది. చలికి చల్లారకుండా వాళ్ల నాయన తువ్వాల సీసా చుట్టూ చుట్టింది. ఇద్దరికీ ఈస్ట్ తెస్తానని, సారు చుట్టూ మూగిన గుంపులోకి వెళ్లింది.

బల్ల చివర స్టవ్ మీద నీళ్లు కుతకుతా ఉడుకుతున్నాయి... స్వరూప సీసాలోవి సగం కిటికీలోంచి పారబోశాను. గ్లాసుతో మరిగే నీళ్లు ముంచి నింపాను. తువ్వాల మళ్లీ చుట్టాను. అంతే... నిమిషం కూడా పట్టలేదు.

పైన తువ్వాల ఉంది కదా, స్వరూప చేతికి వేడి తగల్లేదు. నమ్మకంగా ఈస్ట్ వేసింది, బెలూన్ తొడిగింది, చేతులు కట్టుకుని కూర్చుంది. బెలూన్ మొదట్లో కొంచెం కదిలింది... తర్వాత పక్కకు వాలిపోయింది. గంట గడిచినా అలాగే ఉంది. నాది మాత్రం నిండుగా లేచి నిలబడింది.

"ఏందే ఇది? లొట్టి అనుకున్నవా? కల్లు తాగచ్చి పోసినవా నీళ్లు?" అన్నారు సారు. తరగతి గొల్లుమంది.

"లేద్సార్... సూసే పోసిన సార్... మంచిగనే ఉండె సార్..." అంటోంది అది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

హనుమకొండకు నేనే పోయాను. "నీళ్ల వేడి ఎట్లా చూశావమ్మా?" అని అక్కడొక పెద్దాయన అడిగితే మణికట్టు చూపించాను. చప్పట్లు కొట్టారు. స్టీలు టిఫిన్ డబ్బా ఇచ్చారు. తొమ్మిదీ పదీ రెండేళ్లూ అందులోనే అన్నం తీసుకెళ్లాను... నా పక్కన స్వరూప లేదు. ఒకరోజు బస్సు కిటికీలోంచి పత్తి చేలో కనిపించింది. నడుముకు ఒడి కట్టుకుని ఉంది. నన్ను చూసి చెయ్యి ఊపింది. నేను తల తిప్పుకున్నాను.

పోయిన నెల హనుమకొండ బస్టాండులో స్వరూపే నన్ను గుర్తుపట్టి పిలిచింది. "ఏమే, ఫేస్‌బుక్కుల మస్తు రాస్తున్నవట గద! నా బిడ్డ రోజు సదివి ఇనిపిస్తది" అని నా చెయ్యి పట్టుకుంది. దాని వేళ్ల నిండా పత్తికాయలు గీసిన గీతలు. మాటల్లో మాటగా నవ్వుతూ అంది... "ఆనాడు నాకే నీళ్ల కాక తెల్వకపాయె. సదువు నా చేతులల్లనే ఉండె... నేనే ఉడకవెట్టి సంపుకున్న."

ఇన్నేళ్లూ అదే అనుకుంటోంది. అప్పుడైనా నోరు విప్పానా? "పోనీలేవే, చిన్నతనం" అన్నాను. క్షమించేదాన్ని నేనైనట్టు!

ఇప్పుడు మా పిల్లలకు బన్నులు చేసేటప్పుడు థర్మామీటర్ పెట్టి చూస్తాను. మణికట్టు మీద చుక్క వేసుకోవడానికి చెయ్యి రాదు... ఆ రోజులే బాగుండేవి అని రోజూ ఇక్కడ మురిసిపోతాం కదా... ఆ రోజుల్లో మీరు ఎవరిది పాడు చేశారో కూడా కింద రాయండి. లైకులు నాకొద్దు.

స్వరూప బిడ్డా... ఇది చదువుతుంటావు. ఈ ఒక్క ముక్క మీ అమ్మకు రెండుసార్లు చదివి వినిపించమ్మా. ఆ రోజు మీ అమ్మ నీళ్లు సరిగ్గానే ఉన్నాయి. మరిగినవి పోసింది నేను.