పిలిస్తే నలుగురు తిరిగి చూసే పేరు

నేను మా అమ్మానాయనలకు నాలుగో ఆడపిల్లను. ఇంక చాలు అనే అర్థం వచ్చే పేరు నాకు పెట్టారు. మా వైపు అది వింత కాదు. వరుసగా ఆడపిల్లలు పుడితే చివరి పిల్లకు అట్లాంటి పేరు పెడతారు, తర్వాత మగబిడ్డ పుడతాడని నమ్మకం. నా తర్వాత తమ్ముడు పుట్టాడు. పేరు పనిచేసిందని ఇంట్లో అందరూ సంతోషపడ్డారు. ఆ సంతోషంలో నన్ను కూడా ఎత్తుకొని ముద్దు చేశారని అమ్మ చెబుతుంది.

కన్నడ నాట ఉండే మా పావగడ పల్లెల్లో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. బలసముద్రం బడిలో మధ్యాహ్నం అన్నం వడ్డించే ఆమె ఒక్కొక్కరి దగ్గరా ఆగి "సాకా?" అని అడిగేది. కన్నడంలో చాలునా అని. నా పేరులో ఉన్నది ఆ మాటే. ఆమె అలా అడిగినప్పుడల్లా పంక్తిలో కూర్చున్న పిల్లలంతా నావైపు తిరిగి నా పేరు పెట్టి అరిచేవాళ్ళు. పాపం ఆమెకు ఏమీ తెలియదు, పిల్లలు సంబరంగా తింటున్నారనుకొని తనూ నవ్వేది. ఆమె నా దగ్గరికి రాకముందే నేను పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టేసేదాన్ని. ఆకలి తీరకుండానే లేచిన రోజులున్నాయి. ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. చెబితే ఆ పేరు పెట్టిన వాళ్ళకే చెప్పాలి కదా.

పెళ్ళై క్యాతగానచెర్లు వచ్చాక అక్కడ నన్ను ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు. వదినా అనో, కోడలా అనో, ఫలానా వాళ్ళ భార్య అనో. కొత్త కోడళ్ళు దానికి బాధపడతారని విన్నాను. నాకు మాత్రం హాయిగా ఉండేది.

మా మామ ఒకప్పుడు గొర్రెలు మేపినవాడు. తర్వాత శెనక్కాయ పండించాడు. సోలార్ పార్కు వచ్చినప్పుడు అందరితో పాటు తనూ భూమిని లీజుకు ఇచ్చాడు. మా ఆయనకు ఆ ప్లాంటులోనే ప్యానెళ్ళు కడిగే పని దొరికింది. నేను ప్యానెళ్ళ కింద పెరిగే గడ్డి కోయడానికి కూలికి పోయేదాన్ని. కడుపుతో ఉన్నప్పుడు కూడా కొన్నాళ్ళు పోయాను. గడ్డి కోస్తూ బిడ్డ పేరు గురించే ఆలోచించేదాన్ని. ఎవరికీ లేని పేరు నాకు వద్దు. అందరికీ ఉండే పేరు కావాలి. టీచరు పిలిస్తే క్లాసులో నలుగురు తిరిగి చూడాలి, ఆ నలుగురిలో నా బిడ్డ కలిసిపోవాలి. అంతకంటే మంచి పేరు లేదనుకున్నాను.

పావగడ ఆసుపత్రిలో పాప పుట్టింది. ఆ రోజు మధ్యాహ్నమే ఆ ఏటి మొదటి వాన పడింది. మామ బస్సు దిగి తడుస్తూనే వచ్చాడు. తల తుడుచుకొని, చేతులు ఆరేదాకా ఆగి, అప్పుడు పాపను ఎత్తుకొని కిటికీ దగ్గరికి పోయాడు. చాలాసేపు దాని ముఖమే చూస్తూ నిలబడ్డాడు.

"ఎవరి మాదిరి ఉండాది మామా?" అని అడిగాను.

"ఎవరి మాదిరీ లేదమ్మా. దాని మాదిరే ఉండాది," అన్నాడు. కిటికీ వైపు తల తిప్పి, "బయట వాన సూడు. తొలకరి అని పెడదామా పాపకు?" అన్నాడు.

సరదాకు అన్నాడనుకున్నాను. ఇంటికి వచ్చాక తెలిసింది, సరదా కాదని. పాపను ఎత్తుకొన్నప్పుడల్లా ఆ పేరుతోనే పిలుస్తున్నాడు. మా ఆయనకూ నచ్చింది. అత్తకు నచ్చలేదు.

"అదేం పేరప్పా? యాడన్నా విన్నామా? రేప్పొద్దున బడిలో పిల్లోళ్ళు ఊరికే ఉంటారా?" అంది.

"అది పేరు కాదు, వాన," అన్నాను నేను కూడా.

"గంగ, కావేరి అని పెట్టుకుంటారు గదా. అవి మాత్రం నీళ్ళు కాదా?" అన్నాడు మా ఆయన.

అప్పటికి ఇద్దరం నవ్వాము. కానీ నాకు లోపల భయం పోలేదు. ఆ మర్నాడు మా ఆయన పాప గుడ్డలు మడత పెడుతుంటే, బడిలో అన్నం పంక్తి సంగతి మొదటిసారి ఆయనకు చెప్పాను. ఆయన చేతిలో గుడ్డ అట్లాగే పట్టుకొని విన్నాడు.

"ఇన్నేండ్లూ చెప్పలేదేమే?" అన్నాడు.

"ఏముందని చెప్పేది?"

"అట్లయితే ఆ పేరు వద్దులే. నాయనకు నేను చెప్తా."

మామకు చెప్పాడు కూడా. మామ సరే అన్నాడు. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. పాపను పేరు పెట్టకుండా ఊరికే "అమ్మీ" అని పిలవడం మొదలుపెట్టాడు. అది చూస్తే నాకే ఏదోలా ఉండేది.

పేరు పెట్టే రోజు అమ్మా నాయనా బలసముద్రం నుంచి వచ్చారు. ఆడవాళ్ళు ఉయ్యాల కడుతుంటే నేను పాపకు పాలిచ్చి గోడకు ఆనుకొని కూర్చున్నాను. నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. గొర్రెల వెంట తిరిగి తిరిగి మాట తగ్గిపోయిందని అమ్మ అంటుంది.

"మీ మామ ఏందో పేరు చెప్తే నువ్వు వద్దన్నావంట," అన్నాడు.

"ఎగతాళి చేస్తారు నాయనా. పేరు ఎగతాళి అయితే ఎట్లుంటాదో నాకు తెలుసు."

ఆయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నువ్వు పుట్టినప్పుడు నేను మంద కాడ ఉండానమ్మా, దూరంగా. మళ్ళా ఆడపిల్లే అని కబురొచ్చింది. ఆ పేరు పెట్టేయమని ఆడ్నుంచే చెప్పి పంపినా. నెల దాటినాక ఇంటికొచ్చి చూసినా నిన్ను. నీ ముఖం చూసింటే ఆ పేరు పెట్టింటానో లేదో."

నాకు కోపం రాలేదు. ఏడుపు వచ్చింది గానీ అది ఎందుకో అప్పుడు తెలియలేదు. నాయన నావైపు చూడకుండా పాప కాలు పట్టుకొని వేళ్ళు నిమురుతున్నాడు. నాకు ఆసుపత్రి కిటికీ దగ్గర మామ నిలబడ్డ తీరు గుర్తొచ్చింది. ఈ పాపను ఒకరు తృప్తిగా చూసుకొని పేరు పెట్టారు. దాన్ని నా భయం కోసం తీసేస్తున్నాననిపించింది.

ఉయ్యాలలో వేశాక మా ఆడబిడ్డ పాప చెవి దగ్గరికి వంగి, "ఏం పేరు చెప్పేది వదినా?" అని అడిగింది.

"తొలకరి అని చెప్పు," అన్నాను.

మామ గడప అవతల నిలబడి ఉన్నాడు. విననట్టే ఉండి పక్కకు పోయాడు. తర్వాత అందరికీ తనే చక్కెర పంచాడు.

అంత ధైర్యంగా పెట్టినా, పాప బడిలో చేరిన రోజు నాకు అన్నం సహించలేదు. ఏమని ఎగతాళి చేస్తారోనని ఎన్నో రకాలుగా ఊహించుకున్నాను. వాన రాలేదేమని అడుగుతారు, గొడుగు తెమ్మంటారు, ఇట్లాంటివి. పిల్లలు నేను ఊహించని దారిలో వచ్చారు. కన్నడంలో తోళ అంటే తోడేలు. కరి అంటే నలుపు. మా పాప చామనచాయ కంటే ఒక పిసరు నలుపే. వారం తిరక్కముందే అది కరి తోళ అయిపోయింది. నల్ల తోడేలు.

ఒక సాయంత్రం సంచి కింద పడేసి, "అమ్మా, నేను తోడేలా?" అని అడిగింది.

దగ్గర కూర్చోబెట్టుకొని అంతా విన్నాను. "పేరు మారుద్దామా తల్లీ?" అన్నాను. గడ్డి కోస్తూ అనుకున్న మామూలు పేరొకటి చెప్పాను.

అది ముఖం చిట్లించింది. "ఆ పేరు మా క్లాసులో ముగ్గురికి ఉండాది. టీచర్ పిలిస్తే ఎవరు పోవాల్నో తెలీక కొట్లాడుకుంటారు. నాకొద్దు."

"మరి తోడేలు అంటే నీకు బాధ కాదా?"

"నల్లది అంటే బాధ. ఇంకోటి, ఆటలో ఎప్పుడూ నన్నే తోడేలు చేస్తారు. ఒక్కసారన్నా గొర్రె కానియ్యరు."

గొర్రె, తోడేలు ఆటలో ఒకరు తోడేలు, మిగతా అందరూ గొర్రెలు. ఒంటరిగా అందరి వెంట పరుగెత్తడం దానికి విసుగొచ్చింది. నేను ఇన్నేళ్ళూ భయపడింది వేరు, దాని కష్టం వేరు. మర్నాడు బడికి పోయి టీచరమ్మకు చెప్పాను. ఆమె నెమ్మదిగా విని, రంగు గురించి ఎవరన్నా మాట్లాడితే తాను ఊరుకోనని చెప్పింది. ఆట సంగతి మాత్రం పిల్లలే చూసుకోవాలంది.

ఆట సంగతి మామ చూశాడు. ఆ సాయంత్రం మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకొని తోడేళ్ళ గురించి చెప్పాడు.

"తోడేలు ఒకటే రాదమ్మీ. ఒకటి మంద ముందర కనపడతాది. మనం దాని వెంట పడతామా, ఇంకోటి ఎనక నుంచి వచ్చి పిల్లను ఎత్తుకపోతాది. నేను మోసపోయినా రెండు మూడు సార్లు."

"తాతా, అయితే ఇద్దరు ఉండాలా?"

"ఇద్దరన్నా ఉండాల. లేకుంటే అది ఆట కాదు."

మా తాత నిజం తోడేళ్ళను చూశాడని బడిలో చెప్పుకుంది. అప్పటి నుంచి ఆటలో ఇద్దరు తోడేళ్ళు. ఎనక నుంచి వచ్చే తోడేలు కావాలని పిల్లలు పోటీలు పడుతుంటే, మా పాపకు గొర్రె అయ్యే వంతు వచ్చింది. ఆ రోజు మోకాలు చెక్కుకుపోయి, మట్టి కొట్టుకొని వచ్చి, నేను కొబ్బరినూనె రాస్తుంటే ఎవరెవరు తనను పట్టుకోలేకపోయారో వరుసగా చెప్పింది.

ఎగతాళి పూర్తిగా పోలేదు. ఇప్పుడు పాప మూడో తరగతి. దారిలో పెద్దపిల్లలు ఇంకా అప్పుడప్పుడూ ఆ రంగు మాట అంటారు. ఆ రోజు ముఖం చూస్తే నాకు తెలిసిపోతుంది. ఏమైందని అడుగుతాను. కొన్నిసార్లు చెబుతుంది, కొన్నిసార్లు ఏమీ లేదంటుంది. ఏమీ లేదన్న రోజు కూడా పని పక్కన పెట్టి దాని దగ్గరే కూర్చుంటాను. వీధిలో ఎవరన్నా దాని పేరు పెట్టి పిలిస్తే ఏ గొంతుతో పిలిచారో ముందు వింటాను, ఆ తర్వాతే చేతిలో పని చూసుకుంటాను. చాలాసార్లు అది ఆటకు రమ్మనే పిలుపే అయి ఉంటుంది. పాప మాత్రం అదేమీ చూసుకోదు. పిలుపు వినపడగానే చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుతుంది.