సీటు మీద పడిన చెయ్యి

పగలంతా కుట్టుమిషను మీద వంగి, తెల్లవారకముందే పరుగు సాధన చేసి, మా మేనకోడలు నిరుడు పరుగూ సైకిలూ కలిసిన పందెంలో రెండో స్థానం తెచ్చుకుంది. మా వంశంలో ఎవరూ ఎరుగని ఘనత అది. తర్వాత గెలిచిన రెండు పతకాలూ మా గోడకే వేలాడుతున్నాయి.

ఈసారి మొదటి స్థానం దానిదే అనుకున్నాను. పరుగు ముగించి, సైకిలెక్కి, అందరికంటే ముందుగా మిట్ట దగ్గరికి వచ్చింది. రోడ్డు పక్కన కుట్టుకొట్టు స్నేహితురాళ్ళు గొంతు చించుకుంటున్నారు. అరిచి ఊరుకుంటే సరిపోయేది. కాజాలు కుట్టే పిల్ల వెనకాలే పరుగెత్తి, సీటు పట్టుకుని ఒక్క తోపు తోసింది. బయటివాళ్ళు చెయ్యి వేస్తే పందెం నుంచి తీసేస్తారు. తీసేశారు. ఆరు నెలలు మళ్ళీ రావద్దన్నారు కూడా.

"మిషను బిగుసుకుంటే పక్కవాళ్ళం చక్రం తిప్పమా మావయ్యా? అలాగే సాయం పట్టాను" అంది కాజాల పిల్ల.

"నీ సాయం తగలెయ్య! అది మిట్ట ఎక్కలేదని నీకెవరు చెప్పారే?"

"పోనీలే మావయ్యా" అంటుంది మేనకోడలు. నేను పోనివ్వను. వచ్చేసారి ఆ మిట్ట దగ్గర చేతికర్రతో నేనే కాపలా ఉంటాను. ఆరు నెలలూ తీరి అది తిరిగి పందెంలో దిగేది ఆగస్టు పద్నాలుగున.